చందువ మీద అభిప్రాయం

పామర్రు చేపల మార్కెట్లో పట్టపగలు రాముడు కుప్పకూలాడు. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ. తట్టలో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి, అతను కదల్లేదు. విదేశీ ముఠా పడవ ఎక్కడ ఆగుతుందో ఏజెన్సీకి చెప్పిన జాలరి అతను.

విజయవాడలో చీఫ్ ఆరోన్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు.

"ఆర్డర్లు కౌలాలంపూర్ నుంచి. ఓ మలయ్ పత్రిక వ్యాఖ్య కాలమ్‌లో వస్తున్నాయి. చేప పేరంటే మనిషి. పక్కన 'మలాంగ్‌న్యా', అంటే దురదృష్టవశాత్తూ, అని ఉంటే చంపమని అర్థం. 'ముజుర్‌లా' అంటే అదృష్టవశాత్తూ. వదిలేయమని."

"రాముడికి ఏం రాశారు సార్?" అడిగాడు ఏజెంట్ అఫ్రాజ్.

"ముజుర్‌లా అని మన ట్రాన్స్‌లేటర్ అఫ్సా రాసిచ్చింది. అందుకే గార్డుల్ని తీసేశాం."

అఫ్రాజ్‌కి మలయ్ వచ్చు. ఒరిజినల్ తెప్పించి చదివాడు.

"పేర్లు, తేదీలు, వార్తలు అన్నీ కరెక్టే సార్. అభిప్రాయం ఒక్కటే తిరగేసింది."

కౌలాలంపూర్‌లో ఏజెన్సీ మనుషుల చేతిలో రెండు గోళ్ళు ఊడాక కాలమిస్టు నోరు విప్పాడు. 'రొయ్య' అంటే రాడార్ ఇంజనీర్ సూర్యప్రకాష్. రేపు సాయంత్రం కూచిపూడిలో డాన్స్ చూస్తుండగా చంపాలి. చంపేవాడి మొహం కాలమిస్టుకీ తెలీదు. 'చందువ' అంటే ముఠా మనిషి అఫ్సా.

"ఇంజనీర్‌కి చెబుదామా?" అన్నాడు ఆరోన్.

"వద్దు సార్. ఆయన భయపడితే చంపేవాడు పసిగడతాడు."

మర్నాడు సాయంత్రం పటమటలో అఫ్సా ఫ్లాట్. పట్టు చీర, ఖరీదైన సెంటు. అఫ్రాజ్‌కి కాఫీ ఇచ్చి, అప్పుడే వచ్చిన కాలమ్‌ని ఫోన్లో తెరిచింది.

అదే క్షణంలో కూచిపూడిలో, సూర్యప్రకాష్ వెనక కూర్చున్నవాడి చేతిలో పెన్ను. దాని సూది ఆయన మెడకి అంగుళం దూరంలో ఆగింది. వాడి ఫోన్లో అదే కాలమ్ వెలిగింది. రొయ్య, ముజుర్‌లా. వాడు పెన్ను మూసి డాన్స్ మధ్యలో లేచాడు. లేచినవాడు వాడొక్కడే. ద్వారం దగ్గర ఇద్దరు ఏజెంట్లు వాణ్ణి చేతులు విరిచి పట్టుకున్నారు.

ఫ్లాట్‌లో అఫ్సా ఆ కాలమ్‌లో కింది వాక్యం చదివింది. చందువ, మలాంగ్‌న్యా.

"అఫ్రాజ్ గారూ... ఇది మీరు రాయించారా?"

"రాముడి విషయంలో మీరు ఒక్క మాటే మార్చారు. నేనూ అంతే."

"కింద ఉన్న నా డ్రైవర్ ముఠా మనిషండీ. వాడూ ఇదే చదువుతాడు. నన్ను అరెస్ట్ చేయండి. దండం పెడతాను."

అఫ్రాజ్ కాఫీ పూర్తిగా తాగాడు. కప్పు జాగ్రత్తగా కింద పెట్టి బయటికి నడిచాడు. మెట్ల మీద డ్రైవర్ ఎదురొచ్చాడు. అఫ్రాజ్ పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"తలుపు తీసే ఉంది," అన్నాడు మర్యాదగా.

వీధిలోకొచ్చి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"డ్రైవర్ కిందికి దిగాక పట్టుకోమని మనవాళ్ళకి చెప్పాను సార్. ట్రాన్స్‌లేటర్ పోస్టు ఖాళీ అయింది."