లైటు కంటే ముందు పడ్డ వేలు

కొల్లాపూర్ మామిడితోటలో నిఘా ఏజెంట్ మునవ్వర్ హత్యకు గురయ్యాడు. చనిపోయే ముందు అతను పంపిన వీడియోలో కృష్ణానది, ఒక పడవ, అందులో ఒక లయతో వెలిగి ఆరే టార్చి. విదేశీ ముఠా తన లోపలి మనిషికి ఇచ్చే సిగ్నల్ అది.

"ఆ మనిషి నది ఒడ్డు పంప్‌హౌస్‌లనే ఉన్నడు. పొద్దుగూకితే పేల్చేస్తడు. జల్ది దొరకవట్టు," అన్నాడు చీఫ్ శ్రవణ్ కుమార్, ఏజెంట్ దానిష్‌తో.

దానిష్ కంటి డాక్టరు వేషంలో పంప్‌హౌస్‌కు వెళ్లాడు. అతని డబ్బాలో ఒక బల్బు, ఒక బటన్. లైటు కనబడగానే నొక్కాలి. కంటి కబురు మెదడుకు చేరి, మెదడు వేలికి చెప్పేసరికి దాదాపు పావు సెకను పడుతుంది. ఎంత మొనగాడైనా ఆ ఆలస్యాన్ని ఎగ్గొట్టలేడు. కాకపోతే దానిష్ బల్బు వెలిగేది పడవ టార్చి లయలో. ఆ లయ అలవాటైన వేలు లైటు కంటే ముందే పడుతుంది.

ఊడ్చే జోగులమ్మకు అర సెకను పట్టింది. "కండ్లు మంచిగనే ఉన్నయి సారూ, ఏలే ముసల్దైంది," అంది.

చివరగా కంట్రోల్ రూమ్ ఆఫియా వచ్చింది. రెండేళ్లుగా లోపలి కబుర్లు దానిష్‌కు చేరవేసే ఏజెంట్ ఆమే. వచ్చే శుక్రవారం అతనితో నిఖా కూడా ఆమెకే.

"నాక్కూడానా?" అని నవ్వుతూ కూర్చుంది.

మొదటి రెండుసార్లు వెలిగాక నొక్కింది. మూడోసారి వెలగకముందే నొక్కేసింది. నాలుగోసారీ అంతే.

దానిష్ గుండె చెరువైంది. "మునవ్వర్ ఆ తోటల ఉన్నడని నీకొక్కదానికే చెప్పిన గద, ఆఫియా!"

ఆమె ముఖం పాలిపోయింది. చున్నీ చాటు నుంచి రిమోట్ తీసింది. "చెల్లె ఫరా ఆ పడవల ఉంది. నొక్కకుంటే సంపుతరు. నువ్వు బయటికి పో దానిష్, నీ కాళ్లు మొక్కుత."

"నేను పోను."

కిటికీ అవతల, మసక వెలుతురులో, పడవ టార్చి వెలిగింది. పావు సెకను చాలు. ఆఫియా లైటును చూసింది, తర్వాత దానిష్‌ను చూసింది. బటన్ మీది వేలికి నిశ్చితార్థంలో అతను తొడిగిన మంగ్నీ ఉంగరం ఉంది. ఆ వేలు కదల్లేదు. దానిష్ రిమోట్ లాక్కుని, వైర్‌లెస్‌లో పడవ మీదికి కమాండోలను పంపాడు. ఫరా ప్రాణాలతో దొరికింది. ఆఫియా తనంతట తనే బేడీలకు చేతులు చాచింది. దానిష్ చాటుకెళ్లి ఏడ్చాడు.

"లైటు వెలిగినంక రెండు సెకన్లకు రిమోట్ గుంజుకున్నవ్," చీఫ్ నిలదీశాడు. "గంత ఆలస్యమెందుకైంది?"

"రెండు సెకన్లు గాదు సార్, రెండేండ్లు. నా కండ్లకే టెస్టు గావాలె."