ఒంటిచెవి హెడ్‌సెట్

పొయ్యి మీద పాలు పొంగేలోపే ఆమె తన బల్ల ముందు కూర్చుంది. వంటగదికీ ముందుగదికీ మధ్యనున్న ఆ మూలే ఆమె ఆఫీసు. ఒక పళ్ళ ఆసుపత్రికి వచ్చే ఫోన్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. డాక్టరు ఎవరికి ఎప్పుడు దొరుకుతారో చెప్పడం, భయపడేవాళ్ళకి కాస్త ధైర్యం చెప్పడం ఆమె పని.

పాత హెడ్‌సెట్ తలకి పెట్టుకోగానే మొహం ముడుచుకుంది. ఎడమ చెవి వెనక గడ్డ తీసిన చోట కుట్లు మానాయిగాని, చర్మం ఇంకా పచ్చిగానే ఉంది. హెడ్‌సెట్ సరిగ్గా అక్కడే నొక్కుతోంది. అయినా మొదటి ఫోను రాగానే గొంతు మారిపోయింది.

"పన్ను ఒక్కటే తీస్తారు తాతగారూ, పరువు తియ్యరు. ధైర్యంగా రండి," అంది నవ్వుతూ.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనికి వెళ్ళడానికి బూట్లు వేసుకుంటూ ఆ నవ్వు విన్నాడు. గడ్డ మళ్ళీ వస్తోందని, ఈసారి కోసి తీసేది కాదని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆమె ఇంట్లోవాళ్ళతో నవ్వింది లేదు. అడిగినదానికి ఊఁ, ఆఁ అంటుంది. సాయంత్రమయ్యేసరికి గోడ వైపు తిరిగి పడుకుంటుంది.

సాయంగా ఉండటానికి వచ్చిన అతని అక్క ఆ పూట కూడా అదే మాట ఎత్తింది. ఒంట్లో ఓపిక లేనప్పుడు ఊళ్ళోవాళ్ళ పళ్ళ గొడవ ఎందుకని, ఉద్యోగం మానేసి హాయిగా పడుకోవచ్చు కదా అని. ఆమె హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. వైరు లేనిది, చెవి వెనక నొక్కనిది ఒకటి చూసి తెమ్మని భర్తని అడిగింది. అతను తలూపి వెళ్ళాడు.

సాయంత్రం ఉత్తచేతులతో వచ్చాడు. బజార్లోని ఫోన్ల షాపంతా గాలించానని, పెద్దవి చెవిని పిండేస్తున్నాయని, లోపల దూర్చుకునేవి ఇంకా నొప్పి పెడతాయని చెప్పాడు. ఆమె సరేనంది. కళ్ళు మాత్రం కాసేపు అతని మొహం మీదే ఆగాయి.

మర్నాడు కాస్త తీరిక దొరికినప్పుడు ఆ షాపుకే ఫోన్ చేసి తన ఇబ్బంది చెప్పింది. కౌంటరు దగ్గరి అమ్మాయికి వెంటనే గుర్తొచ్చింది. నిన్న ఒకాయన కూడా అచ్చం ఇదే అడిగాడట. ఒక్కొక్కటీ తలకి పెట్టుకుని, ఎడమ చెవి వెనక వేలితో తడిమి చూసుకున్నాడట. చివరికి ఒంటిచెవిది నచ్చింది. కుడి చెవికి చిన్న దిండు, ఎడమ వైపు చెవికి బాగా పైన ఆనే మెత్త. పెట్టుకున్నట్టే ఉండదు. ఇదే కావాలని డబ్బు తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడట.

సాయంత్రం అతను గుమ్మంలోకి రాగానే ఆమె అడిగింది.

"దొరికిందట కదా. ఎందుకు తేలేదు?"

అతను చేతిసంచి కింద పెట్టాడు. మళ్ళీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"తెస్తే పొద్దస్తమానం వాళ్ళతోనే మాట్లాడతావు. ముక్కూ మొహం తెలీనివాళ్ళకి నీ నవ్వంతా పంచేస్తున్నావు. నా దాకా వచ్చేసరికి ఒక్క మాటా మిగలట్లేదు. నొప్పెడితే అయినా మానేస్తావనుకున్నాను."

అన్నాక, ఆ మాట ఎంత ఘోరమో అతనికే తెలిసి తలుపుకి చేరగిలబడ్డాడు. అక్క ఏదో సర్దిచెప్పబోయింది.

"మీరుండండి వదినా," అని ఆమె భర్త వైపు తిరిగింది. "వాళ్ళకి నా జబ్బు సంగతి తెలీదండీ. వాళ్ళకి నేనొట్టి గొంతుని. మీరు నా వైపు చూస్తే చాలు, మీ మొహంలో డాక్టరు చెప్పిందే కనిపిస్తుంది. మీ ఎదురుగా నోరు తెరిస్తే ఏడుపొస్తుంది. అందుకే గోడ వైపు తిరుగుతున్నాను."

తన మీద అలిగిందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు అతను. నేల మీద అలాగే కూర్చుండిపోయాడు. అక్క వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. చాలాసేపు కట్టేయలేదు.

మర్నాడు ఇద్దరూ కలిసి షాపుకి వెళ్ళారు. అతనే ఆ హెడ్‌సెట్ ఆమె తలకి పెట్టి, పట్టీ నెమ్మదిగా సర్దాడు. ఆమె మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. మచ్చకి తగల్లేదు, కళ్ళజోడుకీ అడ్డు రాలేదు. రోడ్డు చప్పుడులో మాట సరిగ్గా వెళ్తుందో లేదో బయటికెళ్ళి చూసుకోమంది కౌంటరు అమ్మాయి.

దాన్ని తన ఫోనుకి కలిపించుకుని ఆమె బయటికి నడిచింది. లోపల అతని ఫోను మోగింది. గాజు తలుపు అవతల ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది.

"వినిపిస్తోందా?"

"ఆఁ, చెప్పు."

కాసేపు బండ్ల రొద. తర్వాత ఆమె గొంతు చెవి పక్కనే ఉన్నట్టు పలికింది.

"నాకు భయంగా ఉందండీ. చాలా భయంగా ఉంది."

"నాక్కూడా," అన్నాడు. "నువ్వు చెప్పు. నేను వింటాను."

ఆమె వెనక్కి తిరక్కుండానే చెప్పుకుంటూ పోయింది. అతను మేలుకునే ఉన్నాడని తెలిసీ నిద్రపోయినట్టు నటిస్తున్నానని, చావు కంటే నొప్పికే ఎక్కువ భయమేస్తోందని, తను పోయాక అతను వేళకి తింటాడో లేదోనని బెంగగా ఉందని. అతను మధ్యలో ఒక్క ఓదార్పు మాట కూడా అనలేదు. ఊఁ కొడుతూ నిలబడ్డాడు.

కౌంటరు అమ్మాయి దగ్గరికొచ్చి, మాట స్పష్టంగా వస్తోందా సార్ అని అడిగింది.

కళ్ళు తుడుచుకోకుండానే అతను తలూపాడు.

"ఇంకా మాట్లాడుతోందమ్మా," అన్నాడు.