ఆకుపచ్చ అబద్ధం

"కోమలి మన మనిషి కాదయ్యా. వాళ్ల మనిషి," అన్నాడు చీఫ్ త్రివిక్రమరావు ఫోన్‌లో.

సూరత్ సలాబత్‌పురాలో చీరల దళారీ వేషంలో ఉన్న ఏజెంట్ భానుప్రకాశ్ బేరం వదిలేసి పక్క సందులోకి నడిచాడు. ఇన్నాళ్లూ పక్కనే పనిచేసిన కోమలి! పొద్దున్నే నవ్వుతూ లోచో టిఫిన్ తినిపించింది.

"ఏం పట్టుకెళ్లింది సార్?"

"హరిత్. జానెడు ముక్క."

పచ్చటి గుడ్డ ఎవడైనా నేస్తాడు. కానీ హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా కాంతిని వందల రంగులుగా విడగొట్టి, ఏది ఆకో ఏది రంగో చెప్పేస్తుంది. ఆ కెమెరానే బోల్తా కొట్టించే గుడ్డ హరిత్. సూరత్‌లోనే ఓ మిల్లులో రహస్యంగా తయారవుతుంది. సరిహద్దులో మన మిసైళ్లన్నీ దాని కిందే ఉన్నాయి. భానుప్రకాశ్ తమ్ముడు మేజర్ జితేందర్ కూడా అక్కడే ఉన్నాడు.

"వాళ్ల పెద్ద శాటిలైట్ ఇప్పట్లో ఇటు రాదుగా సార్?"

"దాన్ని నమ్ముకునే చెడ్డాం. అట్టపెట్టెలంత చిన్నవి గుంపుగా తిరుగుతున్నాయి. బొమ్మలని నేనే కొట్టిపారేశాను. వాటి చూపు మందమే, కానీ గంటకొకటి వస్తుంది. ముక్క శాంపిల్ అందితే చాలు, దేశమంతా వెతికేస్తాయి."

అడాజన్‌లో కోమలి ఫ్లాట్ తలుపు తన్ని లోపలికి దూకాడు భానుప్రకాశ్. సిల్కు చీరలో కోమలి తీరిగ్గా లిప్‌స్టిక్ మూత పెడుతోంది. అది లిప్‌స్టిక్ కాదు, గుడ్డ రంగు గుట్టంతా చదివేసే స్పెక్ట్రోమీటర్.

"లేటయ్యావ్ భానూ. డేటా వెళ్లిపోయింది. సెర్చ్ సూరత్ నుంచి మొదలైంది, సరిహద్దుదాకా పోతుంది."

చేతిలో పిస్టల్ ఉండి ఏం లాభం? తమ్ముణ్ణి అక్కణ్ణుంచి కదిలించే టైం లేదు. భానుప్రకాశ్‌కి ఏడుపొచ్చింది.

ఆమె ల్యాప్‌టాప్ మ్యాప్‌లో హరిత్ మిల్లు మీద, గుడ్డ దొరికినట్టు ఎర్రచుక్క వెలిగింది. తర్వాత పక్క షెడ్డు మీద. తర్వాత కామ్‌రేజ్ హైవే పొడుగునా చుక్కలే. రాజస్థాన్‌లో చుక్కలు, సరిహద్దు ఊళ్లలో చుక్కలు. మ్యాప్‌కి అమ్మవారు పోసినట్టయింది.

కోమలి మొహం పాలిపోయింది. స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది: 'పనికిరాని శాంపిల్. సెర్చ్ రద్దు.'

ఆమెకు బేడీలు వేసి, ఇన్ని చుక్కలెలా వచ్చాయో తేల్చుకోడానికి భానుప్రకాశ్ నేరుగా మిల్లుకి పోయాడు. రంగులద్దే మేస్త్రీ మార్కండేయ దండం పెట్టాడు.

"రంగు జర తేడా కొట్టిన థాన్లు కాలబెట్టుమన్నరు సార్. గంత మంచి బట్ట! పానం ఒప్పలె. లారీల మీద కప్పుకోనీకి డ్రైవర్లకు అమ్మిన. గిట్ల అయితదనుకోలె. మాఫ్ చెయ్యున్రి."

భానుప్రకాశ్ చీఫ్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"చిన్న శాటిలైట్లకి ఆ రంగు తేడా కనపడలేదన్నమాట," అన్నాడు చీఫ్ నీరసంగా. "పెద్దది వచ్చిన రోజున కనపడుతుంది. అందాకే మీ తమ్ముడికీ, మనకీ ఊపిరి."

"మార్కండేయని అరెస్ట్ చేయమంటారా?"

"చెయ్యక తప్పుతుందా? దేశద్రోహం." చీఫ్ గొంతు తగ్గించాడు. "ముందు మిగిలిన థాన్లు కూడా అమ్ముకోనీ."