బోణీ కార్డు

నేను చదివింది ఐదో తరగతి. నలుగురిలో నోరు తెరవాలంటే నాలుక మడతపడిపోతుంది. అలాంటిదాన్ని మా అమ్మాయికి పంతులమ్మనయ్యాను.

తను నర్సింగు చదువుతోంది. అన్నీ గట్టెక్కాయి గానీ ఫార్మకాలజీ, అదే మందుల పాఠం, రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తారు. ఇంగ్లీషు నాకు రాదు గనక, నేను బట్టలు కుట్టే చోట పారేసిన చొక్కాల అట్టడబ్బాలు కార్డులుగా కత్తిరించి, ఒకవైపు మందు పేరు, రెండోవైపు జవాబు తెలుగు అక్షరాల్లో రాసి నా చేతికిచ్చింది. నేను అడగాలి, తను చెప్పాలి. తప్పు చెప్తే నా కనుబొమ్మలు లేస్తాయట, అది చూసి మాట మార్చేస్తోంది. అందుకని గదికి అడ్డంగా తెర కట్టాం. అటు తను, మాకంటే ముందు ఈ గదిలో ఉన్న నర్సమ్మ వదిలేసిపోయిన మంచం, మెట్లవైపు తలుపు. ఇటు నేను, కుట్టుమిషను.

రోజూ మొదట అడిగేది పొటాషియం క్లోరైడు. "సెలైన్లో కలిపి, సన్నగా ఎక్కించాలి. నేరుగా నరంలోకిస్తే గుండె ఆగిపోతుంది." నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. తనకి గట్టిగా వచ్చింది అదొక్కటే. అందుకే దానికి బోణీ కార్డని పేరు పెట్టుకున్నాం.

మర్నాడు నోటి పరీక్ష. ఆ సాయంత్రం బోణీ బాగానే అయింది. రెండో కార్డు దగ్గరే బండి ఆగింది.

"హెపారిన్ ఎక్కువైతే విరుగుడు?"

"విటమిన్ కె."

"కాదు."

"మరేంటి?"

"నన్నడుగుతావేమే? పరీక్ష నీకా, నాకా?"

"నువ్వలా సాగదీసి చదివితే ఏ మందో నాకెలా తెలుస్తుంది!"

పొద్దున్నించీ మిషను తొక్కి నడుము పడిపోయింది. నిన్న వంద కార్డులు అడిగాను, మొన్న వంద. గోడకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది. ఒళ్లు మండి కార్డులన్నీ నేలకేసి కొట్టాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

బయట వాన. రేకుల మీద దబదబా కొడుతోంది, ఇంకేమీ వినబడదు. ఫోను లైటు వేసుకుని కార్డులు ఏరుకున్నాను. వానా, నా కోపమూ కాస్త దిగాక గొంతు తగ్గించి అడిగాను.

"హెపారిన్?"

తెర వెనక నుంచి జవాబొచ్చింది. "ప్రొటమిన్ సల్ఫేట్."

కార్డు తిప్పి చూశాను. కరెక్టే!

"మార్ఫిన్?"

"నలాక్సోన్."

"డిజాక్సిన్ ఇచ్చేముందు?"

"నాడి చూడాలి. అరవైకి తగ్గితే ఇవ్వకూడదు."

ఒక్కటీ తప్పు లేదు. గొంతు మాత్రం ఎండిపోయి ఉంది, నోట్లో తడే లేనట్టు. ఏడ్చిందేమో పాపం అనుకున్నాను. స్పిరిట్ వాసన కూడా వస్తోంది... ఏ సీసా ఒలకబోసిందో, తర్వాత తిట్టొచ్చులే. సంతోషంలో కార్డు మీద కార్డు అడిగేశాను. చివరికి మిగిలింది బోణీ కార్డు.

"పొటాషియం క్లోరైడు?"

గోరుతో కార్డు మీద టకటకా కొట్టాను.

"ఏమే, నిద్రపోయావా?"

"...ఆ కార్డు అడగొద్దమ్మా."

"ఇందాకేగా చెప్పావు! ఆటలా?"

"నాకది రాదు."

మళ్లీ మండింది నాకు. "వినవే మొద్దూ," అని నేనే చదివాను. సెలైన్లో కలిపి, సన్నగా. నేరుగా నరంలోకిస్తే...

తెర అటువైపు మంచం కిర్రుమంది. ఒకసారి. ఇంకోసారి. తెర కిందుగా చల్లగాలి నా కాళ్లకి తగిలింది.

"నేరుగానే ఇచ్చాను," అంది.

చాలా మెల్లగా... తెరకి పెదాలు ఆనించి చెప్పినట్టు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. వానలో తడిసి, చేతిలో కొవ్వొత్తుల పొట్లంతో మా అమ్మాయి తెర పక్కకి లాగింది.

"చీకట్లో ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

"నువ్వు... ఎప్పుడెళ్లావే?"

"నువ్వు కార్డులు విసిరికొట్టినప్పుడే. నీతో ఎవడు పడతాడని."

మంచం వైపు చూశాను. దుప్పటి మడత పెట్టినది పెట్టినట్టే ఉంది.

తనకేం చెప్పలేదు. రేపు పరీక్ష పెట్టుకుని ఏమని చెప్పను? ఆ రాత్రి ఇద్దరం మిషను పక్కనే చాప వేసుకుని పడుకున్నాం.

మర్నాడు సాయంత్రం గెంతుతూ వచ్చింది. "పాసయ్యానమ్మా! మేడమ్ నోరెళ్లబెట్టింది. అడగడం ఆలస్యం, చెప్పేశాను. హెపారిన్, మార్ఫిన్, డిజాక్సిన్..."

ఇన్నాళ్లూ ఏ కార్డు అడిగినా నీళ్లు నమిలిన పిల్ల. కళ్లు తుడుచుకున్నాను. "అన్నీ చెప్పేశావా?"

"ఒక్కటి తప్ప."

"ఏది?"

తెర వెనక్కి వెళ్లిపోయింది.

సోమవారం నుంచి వార్డు డ్యూటీ. సూదులన్నీ ఇక తనే వెయ్యాలి. పొద్దున్నే తెల్లబట్టలు వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది. ఇంకా ఆసుపత్రి గడప తొక్కలేదు, అయినా దగ్గరికి వెళ్తే స్పిరిట్ వాసన. బోణీ కార్డు పట్టుకుని నిలబడ్డాను.

"తల్లీ, ఒక్కసారి చెప్పి వెళ్లవే. పొటాషియం క్లోరైడు?"

తలెత్తలేదు. మంచినీళ్లు తాగి గ్లాసు అప్పుడే కింద పెట్టింది. గొంతు మాత్రం ఎండిపోయి ఉంది.

"ఆ కార్డు అడగొద్దమ్మా," అంది.