ఊపిరికి పేటెంట్

పార్కింగ్‌లో కారు తలుపు తీస్తున్న ఇంజినీరు మెడలో విషపు సూది దిగింది. కేకైనా పెట్టకుండా కూలిపోయాడు. నెలలు నిండని పసికందులకు ఊపిరి అందించే చవకైన వాల్వ్‌ను కనిపెట్టిన మనిషి. డిజైన్ ఉన్న ల్యాప్‌టాప్ మాయమైంది.

సీక్రెట్ సర్వీస్ చీఫ్ వెంటనే ఏజెంట్ 'పిచ్చుక'ను పిలిపించాడు.

"పేటెంట్ దరఖాస్తులు రెట్టింపయ్యాయని మంత్రిగారు ఊరంతా చాటుతున్నారు. సగం ఒక విదేశీ ముఠావి. కొన్ని చెత్త, కొన్ని దొంగసొత్తు. వాటిని చూపించి కోర్టుల్లో మన ఫ్యాక్టరీలకు తాళాలేయిస్తున్నారు."

"ఇప్పుడు వాల్వ్ వంతా సార్?"

"ఈ మధ్యాహ్నమే ఫైల్ చేస్తారు. ముందు ఫైల్ చేసినవాడిదే హక్కు. ముఠా ఆఫీసులో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాక్కూడా తెలీదు. కోడ్ వర్డ్ గుర్తుంచుకో."

ఏసీ మెకానిక్ వేషంలో ముఠా ఆఫీసు మెట్లెక్కుతుంటే పిచ్చుక గుండెల్లో రైళ్లు పరుగెత్తాయి. టూల్‌బాక్సులో ఇంటర్నెట్‌ను ఆపే జామర్ ఉంది.

అద్దాల గదిలో ముఠా నాయకుడు. పక్కన ల్యాప్‌టాప్ ముందు, చూపు తిప్పుకోలేనంత అందమైన లాయరు.

"గదిలో గాలి ఆడటం లేదా మేడమ్?" కోడ్ వర్డ్ పలికాడు పిచ్చుక.

రావలసిన జవాబు రాలేదు. ఆమె చేతిలోకి పిస్తోలు వచ్చింది.

"బాస్, వీడు గూఢచారి! ఆ పెట్టె చూడండి."

పిచ్చుక పైప్రాణాలు పైనే పోయాయి. నాయకుడు జామర్‌ను బయటికి లాగి, బూటు కింద పిండిపిండి చేశాడు. పిచ్చుక రెండు చేతులూ పైకెత్తేశాడు.

"ఫైల్ చెయ్," అన్నాడు నాయకుడు. "రేపట్నుంచి ఆసుపత్రులన్నీ మనం చెప్పిన ధరకే కొనాలి. లేదంటే ఆ పిల్లలకు ఊపిరుండదు."

ఆమె ఎంటర్ నొక్కింది. తెర మీద పచ్చ టిక్కు వెలిగింది. నాయకుడు వంగి చూశాడు. మొహం పాలిపోయింది. కనిపెట్టినవారి పేరు ఇంజినీరుది, హక్కుదారు పేరు ఆయన భార్యది!

అతని చెయ్యి కోటులోకి వెళ్లేలోపే పిస్తోలు అటు తిరిగింది.

"కిటికీ తెరిస్తే దుమ్మండీ," అందామె. కోడ్‌కు జవాబు అప్పుడొచ్చింది.

నాయకుడి చేతులకు బేడీలు వేశాక కూడా పిచ్చుక వణుకు తగ్గలేదు. "ముందే సైగ చెయ్యొచ్చుగా తల్లీ! సగం చచ్చాను."

"నిన్ను పట్టివ్వకపోతే వాడు తెర మీంచి కళ్లు తిప్పడుగా. పేర్లు మార్చడానికి ఆ సందే దొరికింది. పైగా, నీ భయం నిజమైంది కాబట్టే నమ్మాడు."

సాయంత్రం చీఫ్ గదిలో టీవీ మోగుతోంది. ఈ ఏడాది దేశం ఎన్నో కనిపెట్టిందని మంత్రిగారు మురిసిపోతున్నారు.

"మనమూ కనిపెట్టాంగా సార్," అన్నాడు పిచ్చుక.

చీఫ్ టీవీ కట్టేశాడు. "మనం కనిపెట్టింది దొంగల్ని. దానికి పేటెంట్ ఇవ్వరయ్యా!"