మరక లేని బ్యాడ్జీలు

"పొద్దున మన కెమిస్ట్‌ని లిఫ్టులో లేపేశారు," అన్నాడు చీఫ్. "చెప్పుల ఫ్యాక్టరీ గమ్ రూమ్‌లో సాల్వెంట్ పీలిస్తే కేన్సర్ వస్తుందని మధ్యాహ్నం కమిటీ ముందు చెప్పాల్సినవాడు. సాల్వెంట్ అమ్మే విదేశీ ముఠా పనే."

ఏజెంట్ మైనా గబుక్కున తలెత్తింది. ఆమె చెల్లెలు పనిచేసేది ఆ గదిలోనే. ఈమధ్య దాని చిగుళ్లలోంచి నెత్తురొస్తోంది.

"ఇక మిగిలిన సాక్ష్యం నిన్న ఆ గదిలో ఆడవాళ్లు షిఫ్టంతా కాలర్‌కి పెట్టుకున్న బ్యాడ్జీలే. గాలిలో విషాన్ని పట్టి ఉంచుతాయవి. మన ఏజెంట్ నెమలి వాటిని కమిటీకి తెస్తుంది. నువ్వు అక్కడ టీ మనిషి వేషంలో ఉండు. కోడ్: 'చక్కెర తక్కువా?' అంటే 'అసలొద్దు' అనాలి."

"నెమలిని నమ్మచ్చా సార్?"

"నీకు అందరి మీదా అనుమానమే!"

"అందుకే ఇంకా బతికున్నాను."

కమిటీ హాల్లో ముఠా తరఫు డాక్టరు దంచేస్తున్నాడు. "కేన్సర్ సిగరెట్టుకీ వస్తుంది, వయసుకీ వస్తుంది. గాలినంటే ఎలా?"

"అక్కడివాళ్లు సిగరెట్లు తాగరండీ," అంది మైనా.

"టీ పొయ్యడానికొచ్చావు, టీ పొయ్యి!"

ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలతో నెమలి వచ్చింది. బ్యాడ్జీలు బల్లమీద పరిచింది.

"చక్కెర తక్కువా మేడమ్?"

"అసలొద్దు."

కోడ్ సరిపోయింది. కానీ బ్యాడ్జీలు మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. మైనా వంగి మళ్లీ చూసింది. ఊపిరాడక గమ్ చేతులతోనే కాలర్ లాక్కోవడం అక్కడ అందరికీ అలవాటు. చెల్లెలి కాలర్ల మీది జిగురు ఉతకలేక మైనా చేతులు పడిపోతుంటాయి.

బ్యాడ్జీల్ని ల్యాబ్‌కి పంపే కవరులో పెట్టి కమిటీ చైర్మన్ సీలు వెయ్యబోయాడు.

"ఆగండి! షిఫ్టంతా కాలర్‌కి ఉంటే ఒక్క జిగురు మరకన్నా అంటదా? ఇవి దొంగవి!" అని అరిచింది మైనా.

"దీన్ని బయటికి గెంటండి!" అంటూనే నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. పిస్టల్ మెరిసింది.

మైనా ఫ్లాస్కు అడుగున బటన్ నొక్కింది. టీకి బదులు కారం పొగ ఎగజిమ్మింది. నెమలి కళ్లు మూసుకుని కూలబడింది. తిరగబడ్డ బ్యాగ్‌లోంచి, పారేసే తీరిక దొరకని అసలు బ్యాడ్జీలు జిగురు మరకలతో రాలాయి.

చైర్మన్ దగ్గుతూనే వాటికి సీలేశాడు. "రిపోర్టు వచ్చేదాకా గమ్ రూమ్ మూసెయ్యండి. అందరికీ రక్తపరీక్షలు చేయించండి."

చెల్లెలి రిపోర్టు ఎలా వస్తుందోనన్న దిగులు మైనాని అప్పుడే పట్టుకుంది.

మైనా గడియ పెట్టిన తలుపుని డాక్టరు దగ్గుతూ బాదుతున్నాడు. "తియ్యండి! ఈ గాలి పీలిస్తే చచ్చిపోతాను!"

మైనా తలుపుకి అడ్డంగా నిలబడింది. "తొందరపడకండి డాక్టరుగారూ. మీ దగ్గు వయసు వల్లేమో, కమిటీ వేసి తేలుద్దాం."