తిరగేసిన బల్ల

ఎనభై మూడో సంవత్సరం మాట. వన్ టౌన్‌లో చర్చి వెనక చిన్న హాలు, సాయంత్రం పెళ్ళి రిసెప్షన్. పోర్టులో డ్యూటీ దిగి, చొక్కా కూడా మార్చకుండా వచ్చీసాడు జ్ఞానశేఖర్. నడుం విరిగిపోతంది. ఎక్కడైనా ఒరిగిపోతే చాలనుంది.

ఒరిగితే బ్యాండ్‌లోంచి పోతాడు. బేస్ గిటార్ వాయించే సత్యం చనిపోయి నెల్లాళ్ళు. ఆ జాగాలో ఇతన్ని పెట్టి, సత్యం గిటారే చేతికిచ్చారు. లావు తీగ చివర సత్యం ఉమ్మితో తడిపి చుట్టుకున్న నీలం వల దారం చూసి, తీగలన్నీ పీకి కొత్తవి ఏసుకున్నాడు. మూడు ప్రోగ్రాములయ్యాయి. మూడింట్లోనూ గుంయ్‌మని ఒకటే మోత, ఏ స్వరమో ఎవడికీ తెలీదు. ఇదే ఆఖరని లీడర్ అర్జునరావు మొహం మీదే చెప్పీసాడు.

ఈ హాలు మరీ దరిద్రం. రేకుల కప్పు, గచ్చు నేల. సౌండ్ బాక్సు మూల నుంచి ఇవతలికి లాగాడు. మోత. నాబ్ తగ్గించాడు. మోతే. బాక్సుని నేల మీంచి లేపాలని సత్యం ఎప్పుడో అన్నాడు. కుర్చీలు చూస్తే చుట్టాలకే చాల్లేదు. వెనక గదిలో పొడుగాటి చెక్కబల్ల ఒకటి, కాళ్ళు పైకి పెట్టి బోర్లా పడుంది. మైనం వాసన, కుళ్ళిన పూల వాసన. తిరగేసి తెచ్చి, బాక్సు దాని మీద పెట్టీసాడు.

తీగ మీటాడు. కడిగిన గాజు గ్లాసులా ఉంది సౌండు.

"ఏటి బావా, ఏటి సేసినావ్?" అన్నాడు అర్జునరావు.

"ఏటీ నేదు. బాక్సు పైకి నేపినానంతే."

రెండో పాటలో లావు తీగ పుటుక్కున తెగింది. ఇంకో తీగ లేదు. ఏడవడానికి కూడా ఓపిక్లేక, తెగిన ముక్క పీకి జేబులో కుక్కి, మిగతా మూడింటితో లాగించీద్దామనుకున్నాడు.

కానీ... లావు తీగ పలకతంది. బాక్సులోంచి. దెబ్బ దెబ్బా విడివిడిగా... తాళానికి సరిగ్గా...

వేళ్ళు తీసీసాడు. ఆగలేదు.

అరచెయ్యి తీగల మీద అదిమాడు. ఆగలేదు...

కుర్రాళ్ళు ఈలలేస్తన్నారు.

పాటయ్యాక హాలు చూసుకునే విమలమ్మ దగ్గరికొచ్చి గొణిగింది.

"ఆ బల్లెందుకు తిరగేసినావ్ బాబూ? శవప్పెట్టి దించేదది. మనిషి లేనప్పుడు బోర్లాయే ఉంచుతాం. కడసారి సత్యంబాబునే పెట్టినాం..."

బాక్సు దించబోతే అర్జునరావు చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టుకోకు బావా. ఇన్నాళ్ళకి సౌండు దొరికింది. పెందుర్తి ప్రోగ్రాంకి బల్ల కూడా ఏసుకొచ్చీ. నువ్వు మాతోనే."

కాదనే ఓపిక కూడా లేదు. తలూపాడు.

అందరూ భోజనాలకి పోయాక గిటార్ తీసి కవర్లో పెట్టబోయాడు. జేబులో తెగిన ముక్క తొడకి గుచ్చుకుంటంది.

గిటార్‌కి నాలుగు తీగలున్నాయి.

లావుదాని చివర నీలం వల దారం. ముడి ఇంకా తడిగా ఉంది.